గ్రూపు దాటితే నడక

నీలవేణికి ఫుట్‌బాల్ మీద మోజుందని ఎవరైనా అంటే బిలాస్‌పూర్ తోర్వా పేటలో వాళ్ళ సందు సందంతా నవ్వుతుంది. పెళ్ళయిన కొత్త నుంచి మొగుడి బురద నిక్కర్లు ఉతికిన చేతులవి. బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి తప్ప ఆ ఆట గురించి ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. అలాంటి మనిషి రెండువేల ఇరవైనాలుగు జనవరిలో, ఆసియా కప్పులో మన దేశం జట్టు గ్రూపు దాటాలని బిలాస్‌పూర్ మొత్తం మీద అందరికంటే గట్టిగా కోరుకుంది. దేశభక్తితో కాదు. మొగుడి మోకాళ్ళ కోసం.

మొగుడి పేరు పైడిరాజు. రైలుపెట్టెల డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. బండి కింద దూరి, కంకర మీద మోకాళ్ళు ఆన్చి, బ్రేకు సామాను బిగించే పని. డ్యూటీ దిగాక ఇంటికి రాకుండా రైల్వే గ్రౌండుకి పోయి ఆట. ఉద్యోగం సగం, ఆట సగం పంచుకుని ఆ మోకాళ్ళను తినేశాయి. డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి, ఎముకకీ ఎముకకీ మధ్య ఇక ఏమీ మిగల్లేదనీ, రెండు మోకాళ్ళూ మార్చాలనీ చెప్పి ఐదేళ్ళయింది. పెన్షనరు కార్డు ఉంది, ఖర్చు లేదు, డాక్టరు రమ్మంటున్నాడు. పైడిరాజే కదలడు. ఎందుకంటే మొక్కుంది.

ఆ మొక్కు సంగతి చెప్పేముందు నీలవేణి పొద్దు ఎలా మొదలవుతుందో చెప్పాలి. తను లేచి, మొహం కడుక్కుని, మంచం పక్కన నిలబడి, "లెగు బావా" అంటుంది. పైడిరాజు ఆమెకు మేనత్త కొడుకు. జుట్టు నెరిసినా ఆ పిలుపు నెరవలేదు. అతను రెండు చేతులూ చాస్తాడు. ఆమె గోడకి ఒక కాలు తన్నిపెట్టి లాగుతుంది. అతను సగం లేచి, "అమ్మా" అని కూలబడతాడు. మళ్ళీ లాగుతుంది. తరవాత బాత్రూం గడప, అక్కడ మళ్ళీ ఎత్తడం, దించడం. తరవాత వరండాలో కుర్చీ. ఇవన్నీ అయ్యేసరికి పొద్దున్నే ఒక రోజు పని అయిపోయినట్టు ఉంటుంది ఆమెకు. ఆ తరవాత అసలు రోజు మొదలవుతుంది.

గజపతినగరం దగ్గర పల్లె ఆమెది. పెళ్ళి చేసుకుని రైలెక్కి వచ్చింది. దిగిన మూడోనాడే మొగుడు మ్యాచి ఉందని గ్రౌండుకి పోతే, కొత్త కోడలు క్వార్టరు గుమ్మంలో ఒక్కత్తీ కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి హిందీలో ఏవేవో అడిగారు. ఆమెకు వచ్చింది ఒక్కటే మాట, 'అచ్ఛా'. ఎవరేమడిగినా అచ్ఛా అంది. ఆ ఒక్క మాటతో ఆర్నెల్లు నెట్టుకొచ్చిందని, చివరికి ఎవరో "మీ ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటాడట కదా" అని హిందీలో ఆటపట్టిస్తే దానికీ అచ్ఛా అందని, కాలనీలో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరవాత హిందీ వచ్చింది, ఛత్తీస్‌గఢీ వచ్చింది, చీరలకు ఫాల్ కుట్టే పని వచ్చింది. నేల మీద కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో చీర వేసుకుని, కాలనీ ఆడవాళ్ళందరి పెళ్ళిళ్ళ చీరలకీ ఆమే కుట్టింది. కూతురు మాధవీలతను చదివించింది. మొగుడు మాత్రం ఆదివారం వస్తే గ్రౌండులోనే. ఆమె గొడవపడటం మానేసిన ఏడాది ఏదో ఆమెకే గుర్తులేదు.

ఇక మొక్కు. రెండువేల పదకొండులో, ఇరవై ఏడేళ్ళ తరవాత మన జట్టు ఆసియా కప్పుకి వెళ్ళింది. పైడిరాజు ఆనందం పట్టలేక దేవుడి గూటి ముందు నిలబడి, "తల్లీ, మనోళ్ళు గ్రూపు దాటితే చెప్పుల్లేకుండా నా కాళ్ళతో రతన్‌పూర్ నడిచొస్తాను" అని మొక్కాడు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి ముడుపు వేలాడదీశాడు. రతన్‌పూర్ మహామాయ గుడికి నవరాత్రుల్లో సప్తమినాడు బిలాస్‌పూర్ జనమంతా నడుస్తారు. పాతిక కిలోమీటర్లు. పిల్లలు నడుస్తారు, ముసలమ్మలు నడుస్తారు, దారంతా ఎవరో ఒకరు మంచినీళ్ళు ఇస్తుంటారు. పేరులోనే విజయనగరం పైడితల్లిని పెట్టుకున్నవాడు ఈ తల్లికెందుకు మొక్కాడంటే, ఆ తల్లి దగ్గరికి పోవాలంటే సెలవూ పాసూ కావాలి, ఈ తల్లి పక్కనే ఉంది.

ఆ ఏడు మనవాళ్ళు మూడూ ఓడారు. ముడుపు అలాగే వేలాడింది. తరవాతి కప్పుకి మన జట్టు అసలు వెళ్ళనే లేదు. రెండువేల పంతొమ్మిదిలో వెళ్ళింది. మొదటి మ్యాచి నాలుగు గోల్స్‌తో గెలిచింది కూడా. చివరి ఆట డ్రా చేసుకుంటే చాలు, గ్రూపు దాటినట్టే. తొంభై నిమిషాలూ ఎవరికీ గోలు లేదు. పైడిరాజు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు, నడకకు పనికొచ్చేవేనా అని. బోసికాళ్ళతో నడుస్తానని మొక్కినవాడికి చెప్పులెందుకో ఆ భగవంతుడికి తెలియాలి. అదనపు నిమిషాల్లో మనవాళ్ళ తప్పుకి పెనాల్టీ పడింది. ఓడిపోయారు. పైడిరాజు కుర్చీలోంచి లేవబోయి లేవలేక కింద కూలాడు. నీలవేణీ కూతురూ కలిసి ఎత్తారు. ఆ వారమే డాక్టరు ఎక్స్‌రే తీయించాడు.

"మొక్కు తీరకుండా ఆపరేషనేటి?" అన్నాడు పైడిరాజు ఇంటికొచ్చాక. "నా కాళ్ళతో నడిచొస్తానన్నాను. ఇనప మోకాళ్ళేసుకుని నడిస్తే అవి నా కాళ్ళేటి?"

"కట్టుడు పళ్ళెట్టుకుని ప్రసాదం తింటే అమ్మోరు వద్దంటాదా?" అంది నీలవేణి.

"పళ్ళతో తింటానని మొక్కలేదు కదే."

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టుందని ఆమె అనుకుంది గానీ అనలేదు. మొక్కు మాట కదా. మొక్కు మీద వాదించే ధైర్యం ఆమెకు లేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మొక్కు మరిచినవాళ్ళకు ఏమేం జరిగాయో కథలు కథలుగా విని పెరిగింది. అమ్మవారు కోరిక తీర్చలేదు, అంచేత ఇతనికి బాకీ లేదు; కానీ ఇచ్చిన మాట ఇంకా గూట్లో వేలాడుతూనే ఉంది, అంచేత ఇతను కాళ్ళు మార్చుకోకూడదు. ఆ లెక్క ఎటుతిప్పి చూసినా ఒక్కటే తేలింది. మన దేశం జట్టు గ్రూపు దాటాలి. ఎలాగోలా ఈ మనిషి డేక్కుంటూనో, నలుగురు తలో చెయ్యీ వేస్తేనో రతన్‌పూర్ చేరాలి. అప్పుడు ఆసుపత్రి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? మోకాళ్ళూ ఆగలేదు. ఐదేళ్ళలో కర్ర వచ్చింది, కర్ర సరిపోక ఆమె భుజం వచ్చింది.

అందుకే ఆ జనవరిలో ఆమె ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టింది. మొదటి ఆటలో మన ఎదుట ఆస్ట్రేలియా. సగం ఆట వరకూ మనవాళ్ళు గోలు పడనివ్వలేదు. నీలవేణి ఫాల్ కుట్టడం ఆపి చూసింది. రెండో సగంలో రెండు పడ్డాయి. ఐదు రోజులు పోయాక ఉజ్బెకిస్తాన్ ముందు సగంలోనే మూడు కొట్టింది.

"అయిపోనాదా?" అంది నీలవేణి కూతురితో.

మాధవీలత తఖత్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. రోజూ స్కూటీ మీద పోయి వస్తుంది. ఆమె తెలుగు సగం, హిందీ సగం. హెల్మెట్ తీయకుండానే తల్లికి విడమరిచి చెప్పింది. "అభీ నహీఁ మమ్మీ, ఇంకా కాలేదు. గ్రూపులో నాలుగు టీములు. ఫస్టు, సెకండు డైరెక్టుగా వెళ్ళిపోతాయి. అలాంటి గ్రూపులు ఆరు. ఆరు గ్రూపుల్లో థర్డు వచ్చినోళ్ళలో బెస్టు నాలుగు టీముల్ని కూడా తీసుకుంటారు. మనం సిరియాని కొడితే థర్డు వస్తాం. ఫిర్ వేరేవాళ్ళు ఓడిపోవాలి."

"వేరేవాళ్ళంటే ఎవులు?"

"బహుత్ సారే. చాలామంది."

నీలవేణికి అర్థమైంది. రైల్వే ఇంటి ఇల్లాలు కదా. కన్ఫర్మ్ టికెట్ కాదు, ఆర్‌ఏసీ కూడా కాదు. వెయిటింగ్ లిస్టు. ఎక్కడో ఎవరో ప్రయాణం మానుకుంటే మనకు బెర్తు. అలా ఎన్నోసార్లు బండెక్కింది ఆమె, బాత్రూం పక్కన పెట్టె మీద కూర్చుని, గజపతినగరం దాకా. వెయిటింగ్ లిస్టు మీద ఆమెకు నమ్మకం లేకపోలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఆ నాలుగు రోజులూ ఆమె నడక ఏర్పాట్లే ఆలోచించింది. ఎక్కడెక్కడ ఆగాలి, మడత కుర్చీ ఎవరు మోయాలి, మూడు రోజులు పట్టినా ఫర్వాలేదు, రాత్రుళ్ళు చల్లగా ఉంటుంది గనక దుప్పట్లు. పైడిరాజుతో చెబితే "చూద్దాంలే, ముందు గెలవనీ" అన్నాడు. ఆ మాట అతను మామూలుగా అనేంత ఉషారుగా అనలేదని ఆమెకు తరవాత తోచింది.

సిరియాతో ఆట సాయంత్రం ఐదింటికి. డిపోలో పైడిరాజుతో పనిచేసిన రాంప్రసాద్ వేయించిన పల్లీల పొట్లం పట్టుకుని వచ్చాడు. లోకల్ మనిషి, పైడిరాజు గోల్‌లో నిలబడితే అతను ముందు ఆడేవాడట. మాధవీలత అరపూట సెలవు పెట్టి వచ్చి ఫోన్‌ని టీవీకి కలిపింది. నీలవేణి గూట్లో దీపం పెట్టి, ముడుపు కేసి ఒకసారి చూసి, "అమ్మా, ఒక్క గోలు. నిన్ను ఇంకేటీ అడగను" అంది. పైడిరాజు కుర్చీ వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

ఆట సాగింది. బంతి ఇటూ అటూ పోయింది. మనవాళ్ళు ఒకటి రెండు సార్లు దగ్గరికి వెళ్ళారు, రాంప్రసాద్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు. సగం అయింది. ఎవరికీ గోలు లేదు. టీ అయింది. నీలవేణి చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, జీవితంలో మొదటిసారి ఆ పదకొండుమంది కుర్రాళ్ళ ముఖాలు విడివిడిగా చూసింది. అలసిపోయి ఉన్నారు. వాళ్ళ అమ్మలు కూడా ఎక్కడో ఇలాగే కూర్చుని ఉంటారనుకుంది. పాపం అనిపించింది. ఆ పాపం అనుకున్న కాసేపటికే, ఇంకో పావుగంటలో ఆట ముగుస్తుందనగా, సిరియావాళ్ళు మన గోలు ముందు గుమిగూడారు. బంతి లోపలికి పోయింది.

రాంప్రసాద్ నుదురు కొట్టుకున్నాడు. "హో గయా ఖతమ్" అన్నాడు. మాధవీలత కళ్ళు మూసుకుంది. నీలవేణికి మాత్రం టీవీ కనబడలేదు. ఐదేళ్ళ కిందట కుర్చీలోంచి పడిపోయిన మనిషి ఈసారి ఏమైపోతాడోనని స్టూలు మీద నుంచి లేచి పక్కకొచ్చి అతని ముఖంలోకి చూసింది.

పైడిరాజు భుజాలు దిగాయి. నొసటి గీతలు వదులయ్యాయి. ముక్కుతో నిండుగా ఒక ఊపిరి వదిలాడు. పరీక్ష వాయిదా పడిందని విన్న పిల్లాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆమె చూస్తున్నదని తెలిసి చటుక్కున ముఖం ముడుచుకుని "అయ్యయ్యో" అన్నాడు. కానీ ఆ అయ్యయ్యో ఆలస్యంగా వచ్చింది.

ఆమె ఆట అయ్యేదాకా నిలబడే ఉంది. గోలు తిరిగి రాలేదు. మూడు ఆటలూ ఓడి, ఒక్క గోలు కూడా కొట్టకుండా మనవాళ్ళు ఇంటిదారి పట్టారు. రాంప్రసాద్ మిగిలిన పల్లీలు అక్కడే వదిలేసి, "మళ్ళీ నాలుగేళ్ళకి చూద్దాం భాయ్" అని హిందీలో చెప్పి వెళ్ళాడు. మాధవీలత రొట్టెలు చేయడానికి వంటింట్లోకి పోయింది.

నీలవేణి స్టూలు జరుపుకుని మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"బావా, ఒక ఊసు అడుగుతాను. అబద్ధం ఆడకు."

"ఏటి?"

"గోలు పడినప్పుడు నీకు హాయిగా అనిపించింది కదా?"

"ఏటే ఆ మాట? పిచ్చిగానీ ఎక్కిందా?"

"నాను నీ మొహం చూశాను."

పైడిరాజు టీవీ కేసి చూశాడు. టీవీ ఆపేసి ఉంది. గూట్లో దీపం కేసి చూశాడు. అక్కడ ముడుపు ఉంది. చూడటానికి ఇంకేమీ లేక తన చేతుల కేసి చూసుకున్నాడు.

"ఎర్రయ్య గుర్తున్నాడా నీకు?" అన్నాడు చివరికి.

గుర్తున్నాడు. అదే డిపో, అదే గ్యాంగు, ఒక క్వార్టరు అవతల కాపురం. కడుపులో ఏదో గడ్డ ఉంటే వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. లోపల గుండె కూడా బాగోలేదని తరవాత తెలిసింది. తోడుగా పైడిరాజు వెళ్ళాడు.

"లోపలికి తీసుకెళ్తన్నప్పుడు నవ్వుతానే ఉన్నాడే. చెప్పులిప్పి నా చేతికిచ్చాడు. జాగర్త ఒరే, కొత్తవి, వచ్చి తొడుక్కుంటాను అన్నాడు. మత్తిచ్చారు. మరి లెగలేదు. ఆ చెప్పులు నా చేతుల్లోనే ఉండిపోనాయి. ఎవులికిద్దునో తెలీక బస్సులో ఒళ్ళో ఎట్టుకుని వచ్చాను." అరచేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించాడు. "మొక్కింది నిజంగానే మొక్కానే. నీ మీదొట్టు. ఎర్రయ్య పోనాక, డాక్టరు ఆపరేషనంటే, నోటికి అదే వచ్చింది. మొక్కుంది అన్నాను. నువ్వు ఊరుకున్నావు. మరదే అలవాటైపోనాది."

నీలవేణికి కోపం వచ్చింది. ఐదేళ్ళుగా గోడకి కాలు తన్ని ఈ మనిషిని లాగింది. అమ్మవారిని ఆడిపోసుకుంది. ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళని, కాళ్ళు విరగా అని తిట్టింది. ఇదంతా ఒక మొక్కు కోసం అనుకుంది గానీ ఒక జత చెప్పుల కోసమని ఎవరు చెప్పారు తనకు?

"భయమేస్తంది అని ఒక్క ముక్క అనలేకపోనావా?"

"మగోడికి భయమేటని నవ్వుతారని..."

"ఎవులు నవ్వుతారు? నానా? నీ మురికి బనీన్లు ఉతికినదాన్ని, నిన్ను బాత్రూంలో ఎత్తి దించినదాన్ని, నాను నవ్వుతానా నీ భయానికి?"

అతను ఏడ్చాడు. పెద్దగా కాదు. ముక్కు తుడుచుకోవడానికి జేబులో రుమాలు వెతుక్కుని, దొరక్క, చేత్తోనే తుడుచుకున్నాడు. ఆమెకు కోపం పోలేదు, కానీ నీరసం వచ్చింది, ఆ నీరసంలో కోపం నిలబడలేదు. కొంగు అందించింది. వంటింట్లో మాధవీలత రొట్టెలు కాల్చడం ఆపి వింటోందని ఇద్దరికీ తెలుసు.

"సరే, నా మాట విను" అంది నీలవేణి. "నీ చెప్పులు నాను పట్టుకోను. ఆ గది గుమ్మం కాడ, బెంచీ కింద ఎట్టేసి కూకుంటాను. ఎవుల్నీ ముట్టుకోనివ్వను. నువ్వే వచ్చి తొడుక్కో."

మార్చి నెలలో కుడి మోకాలు, దసరా వెళ్ళాక ఎడమది. రెండుసార్లూ ఆమె ఆ బెంచీ మీదే కూర్చుంది. తుడిచే ఆవిడ వచ్చి చెప్పులు పక్కకు జరపబోతే, అచ్ఛా అచ్ఛా, నేనే జరుపుతాను అని, జరపకుండా కాళ్ళు పైకి పెట్టుకుంది. రెండుసార్లూ అతను కొన్నాళ్ళకు వాకరు పట్టుకుని వచ్చి వాటిని తొడుక్కున్నాడు. తరవాత మంచం పక్కన వ్యాయామాలు, పళ్ళు కొరుక్కుంటూ అరుపులు, ఆమె తిట్లు, ఫిజియో కుర్రాడి నవ్వులు. అది కూడా తక్కువ చాకిరీ కాదు. ఎత్తడం, దించడం ఇంకో ఏడాది సాగింది. కానీ ఒక పొద్దున్న ఆమె మంచం దగ్గరికి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. పైడిరాజు వరండాలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. ఆమె ఖాళీ మంచం మీద కూర్చుని, ఇప్పుడు ఏం చేయాలో తోచక, దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

ముడుపు మాత్రం గూట్లోనే ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు.

రెండువేల ఇరవైఐదు అక్టోబరులో, దసరా వెళ్ళిన రెండు వారాలకు, మన జట్టు గోవాలో సింగపూర్ చేతిలో ఓడిపోయింది. దాంతో వచ్చే ఆసియా కప్పుకి దారి మూసుకుపోయింది. గ్రూపు దాటడం మాట దేవుడెరుగు, ఈసారి గ్రూపులోకి అడుగే పెట్టరు. రిజర్వేషన్ చార్టులో పేరే లేదు. పైడిరాజు మర్నాడు పొద్దున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇంకా మొక్కు కోసమే కూకుంటే ఈపాటికి మంచానికి అతుక్కుపోదును" అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. "పదవే, ఘాట్ దాకా నడిచొద్దాం. వచ్చే నవరాత్రులకి రతన్‌పూర్ పోతాను. గ్రూపు దాటకపోయినా పోతాను. ఇప్పట్నించీ అలవాటు చెయ్యాల."

"అమ్మ ఏటీ ఇవ్వలేదు కదా, మరి నడకెందుకు?"

"ఇన్నాళ్ళూ ఆ తల్లి పేరు అడ్డం పెట్టుకున్నాను కదే."

తోర్వాలో అర్పా నది ఒడ్డున, సూర్యుడికి చేసే ఛఠ్ పూజకు ఘాట్ శుభ్రం చేస్తున్నారు. పండుగ దగ్గర పడింది. మెట్ల మీద నాచు గీకుతున్నారు, సున్నం వేస్తున్నారు. పైడిరాజు ముందు నడిచాడు. కొంచెం ఊగుతూ, కానీ తిన్నగా. ఎదురొచ్చిన వాళ్ళందరికీ తన మోకాళ్ళు చూపిస్తున్నట్టే నడిచాడు. మెట్ల దాకా వెళ్ళి, నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూశాడు. నీలవేణి లేదు.

ఆమె దారిలో కల్వర్టు గోడ మీద కూర్చుని ఉంది. అతను మెట్లెక్కి వెనక్కి వచ్చాడు.

"ఏటైంది?"

"ఏటీ లేదు. కొంచెం ఆయాసం. నువ్వెళ్ళు."

"ఆయాసానికి మోకాలు రుద్దుకుంటారేటి?"

ఆమె చెయ్యి తీసేసింది. అతను ఆమె పాదాల దగ్గర నుంచి పైకి చూశాడు. ఎడమకాలు కుడికాలంత మడత పడట్లేదు. చీర కుచ్చిళ్ళ కింద చీలమండ వాచి ఉంది. ఇంట్లో కింద కూర్చుని కుట్టడం మానేసి ఆమె బల్ల మీద కుడుతోందని, దాన్ని తాను చూసీ చూడలేదని అతనికి అప్పుడు తోచింది.

"రేపు ఆసుపత్రికి పోదాం" అన్నాడు.

"ఇప్పుడేటి తొందర. పండగెళ్ళనీ."

"పండగెళ్ళాక?"

"లత పెళ్ళి ఊసు తేలనీ." అతను ఇంకా అలాగే నిలబడి ఉండటం చూసి ఆమె నవ్వింది. "సరే, మనోళ్ళు గ్రూపు దాటనీ. అప్పుడు చూద్దాం."

పైడిరాజు నవ్వలేదు. ఆమె ముఖంలోకి చూశాడు. సిరియాతో ఆటనాటి సాయంత్రం టీవీ ముందు తను అతన్ని ఎలా చూసిందో అలాగే చూస్తున్నాడని నీలవేణికి అర్థమై, ముఖం నది వైపు తిప్పుకుంది. ఎక్స్‌రే గదిలో లైటుకి పెట్టిన తన ఎముకలు కళ్ళముందు కదిలాయి. ఆ తరవాత మత్తు, ఆ తరవాత బెంచీ కింద తన చెప్పులు. ఇంత భయం తన లోపల ఉందని ఆమెకే తెలియదు. ఇంతకాలం ఎత్తడం దించడంలో పడి, దాన్ని చూసుకునే తీరికే రాలేదు.

"ఎప్పట్నించి?" అన్నాడు పైడిరాజు.

అబద్ధం చెబుదామనుకుంది. ఓపిక లేకపోయింది.

"నిన్ను లేపడం మొదలెట్టినప్పట్నించే."

సున్నం బకెట్టు పట్టుకుని ఒకడు వాళ్ళ పక్కనించే వెళ్ళాడు. పైడిరాజు రోడ్డు పక్కన గట్టినేల చూసుకుని, ఒక కాలు వెనక్కి ఆన్చి నిలబడ్డాడు. అలా ఎలా నిలబడాలో అతనికి బాగా తెలుసు, ఐదేళ్ళు ఎదుటినుంచి చూశాడు. రెండు చేతులూ చాచాడు.

"లెగు" అన్నాడు.

ఆమె చేతులిచ్చింది. మొదటిసారి సగం లేచి, అమ్మా అని కూలబడింది. అతను మళ్ళీ లాగాడు.